నూసలేలెలో అక్కచెల్లెళ్ళు

పడవెక్కిన దగ్గర్నుంచీ ఆగస్తిన నోరు మూతపడలేదు. ఒక్కసారి మాత్రం పెద్ద అల వచ్చి మొహాన కొడితే ఆగింది. ఆ ఉప్పునీళ్ళు తుపుక్కున ఉమ్మేసి, "చూశావా, ఇంకా ఒడ్డు కూడా కనపడలేదు, అప్పుడే ఆ ఊరి బుద్ధి చూపిస్తోంది ఈ సముద్రం" అంది.

"మనూరి ముందున్నదీ ఈ సముద్రమేనే తల్లీ" అన్నాడు మొగుడు మెల్కి.

"మనూరి దగ్గర మర్యాదగా ఉంటుంది."

"ఉండదూ మరి, అక్కడ నువ్వుంటావుగా."

కూతురు యోసిన పడవ ముక్కు దగ్గర కూర్చుని, కళ్ళు మూసుకుని, దేవుణ్ణి ఒక్కటే అడుగుతోంది. ఈ రెండ్రోజులూ అమ్మ నూసలేలె దీవిలో గొడవ పెట్టుకోకూడదు. సముద్రస్నానాలు చెయ్యనీ, కాల్చిన చేప తిననీ, దీవంతా తిరగనీ, గొడవ మాత్రం వద్దు. గొడవ లేకుండా గడిచిందా, ఎలిఫస్ వాళ్ళమ్మ దెలీల వచ్చే నెల ఊరిపెద్దల్ని వెంటబెట్టుకుని తమ ఊరు అమాహుతు వచ్చి పిల్లనడుగుతుంది. గడవలేదా, రాదు. కొడుకు మొహం మీదే చెప్పేసింది ఆ మాట. పాపం ఆ కొడుకు దానికే కాస్త చక్కెర పూసి, "ఈస్టర్ సెలవులకి మా దీవి చూద్దురు రండి" అని ఫోన్ చేశాడు.

ఆ తల్లులిద్దరి వైరం అంబోన్ పట్నం చేపల రేవులో పుట్టింది. దెలీల దీవి నుంచి పడవలో చేప తెస్తుంది. ఆగస్తిన రేవులో కొని, బేసినుకెత్తుకుని, వీధుల్లో కేకలేసుకుంటూ అమ్ముతుంది. ఎప్పుడో ఒక పొద్దున ఆగస్తిన ఓ చూర చేప మొప్పలెత్తి చూసి, "దీనికి సమాధి కట్టించవే, కూరకి పనికిరాదు" అని అందరి ముందూ తిరిగి పడవలోకి విసిరింది. అదెళ్ళి దెలీల చెంపకి తగిలింది. తగలాలనే విసిరిందని దెలీల. తగలాలని విసిరితే గురి తప్పి చెంపకెందుకు తగుల్తుంది, కంటికే తగిలేదని ఆగస్తిన. అప్పట్నుంచి రోజూ తిట్లే, రోజూ బేరాలే. మానుకోడానికి లేదు. అంత మంచి చేప తెచ్చేది దెలీల ఒక్కతే, అంత మంచి ధర పెట్టేది ఆగస్తిన ఒక్కతే. వాళ్ళు తిట్టుకున్నంతసేపూ ఐసు మూట పట్టుకుని అబ్బాయి, ఖాళీ బేసిను పట్టుకుని అమ్మాయి ఎదురూ బొదురూ నిలబడేవాళ్ళు. ఎంతసేపని ఊరికే నిలబడతారు చెప్పండి? వీళ్ళకీ మాటలు కలిశాయి.

నూసలేలె ఒడ్డున దెలీల నడుం మీద చేతులేసుకుని నిలబడి ఉంది. వెనకాల ఎలిఫస్, కొత్త చొక్కా వేసుకుని, పరీక్షకొచ్చినవాడిలా చెమటలు కక్కుతున్నాడు.

"రా వదినా రా. ఇంతసేపైతే పడవ మునిగిందేమో అనుకున్నా, నీ బరువుకి."

"మునిగితే నీకేగా లాభం. ఎండబెట్టి అమ్ముకునేదానివి నన్ను."

"నిన్నెవరు కొంటారు వదినా, అన్నీ ముళ్ళేగా."

మెల్కి పకపకా నవ్వాడు. పెళ్ళాం చూపు తగిలి ఆ నవ్వుని దగ్గులోకి దింపేసుకున్నాడు. యోసిన, ఎలిఫస్ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇది గొడవ కిందకొస్తుందా? రాదులే, పలకరింపే, అన్నట్టు ఎలిఫస్ తలూపాడు.

మధ్యాహ్నం భోజనం. దెలీల సగ్గుపిండితో కాచిన పపేదా జిగురుని రెండు పుల్లలతో చుట్టి చుట్టి పళ్ళేల్లోకి జార్చి, పైన పసుపు చేపల పులుసు పోసింది. ఆగస్తిన పళ్ళెం వంచి ఒక్క పీల్పు పీల్చి, "సగ్గు బాగా పొదుపు చేశావ్ వదినా. తాగాలో కడుక్కోవాలో తెలీటం లేదు" అంది.

"పళ్ళు లేనివాళ్ళకి పల్చగానే పోస్తాం."

"మా అమ్మకి పళ్ళన్నీ ఉన్నాయత్తా" అంది యోసిన, సర్దుదామని.

"ఉంటాయమ్మా, రోజూ జనాన్ని కొరుకుతుంది కదా, గట్టిపడి ఉంటాయి."

తిన్నాక దీవి చూడ్డానికి బయల్దేరారు. ఎలిఫస్ ముందు, వాడి వెనక యోసిన, తర్వాత మెల్కి, ఆగస్తిన. అందరికన్నా వెనక దెలీల. నువ్వెందుకే, ఇంట్లో పడుకో, ఎండగా ఉంది అని ఎవరో పక్కింటావిడ అంటే, "మా దీవి చెట్లకి కాయలున్నాయే, చూసుకోవద్దూ" అంది, వినపడేటట్టు.

దారి పొడుగునా చాపల మీద లవంగాలు ఆరబోసి ఉన్నాయి. ఎండకి ఆ ఘాటు గొంతులోకి దిగుతోంది. జాజికాయ చెట్ల కింద నీడ బాగుంది. అక్కణ్ణుంచి కొండెక్కితే అటువైపు సముద్రం మొత్తం ఒక్కసారిగా కనపడింది. అడుగున ఇసుక మెరిసేంత నీళ్ళు, దూరంగా గట్టు కట్టినట్టు పగడపు రాళ్ళు, వాటి మీద విరిగే తెల్లటి నురగ. యోసిన ఆగిపోయింది. తను ఇకముందు రోజూ చూసే సముద్రం ఇదే అనుకుంది, ఎవరికీ చెప్పకుండా.

"ఎంత బాగుందో చూడమ్మా."

"మన దగ్గర లేవా నీళ్ళు?" అంది ఆగస్తిన. కానీ చూసింది. చూసి వెంటనే తల తిప్పుకుంది, చూస్తూ ఉంటే బాగుందని ఒప్పుకోవాల్సొస్తుందని.

ఆటుకి నీళ్ళు వెనక్కి తీసి ఉన్నాయి. రాళ్ళ గుంటల్లో నీలం నక్షత్ర చేపలు, ముళ్ళు ఆడించే ముళ్ళపంది పిల్లల్లాంటి నల్లటి జీవాలు. ఊరి ఆడవాళ్ళు వంగి గుల్లలేరుకుంటున్నారు. మెల్కికి చెయ్యి దురద. ఒక గుంటలోంచి సముద్రపు దోసకాయనొకదాన్ని తీశాడు. నల్లగా, మెత్తగా, జలగలా ఉండి, నొక్కితే నీళ్ళు చిమ్మే ప్రాణి అది. యోసిన "వద్దు నాన్నా" అనేలోపే అది పెళ్ళాం చేతిసంచీలోకి జారిపోయింది.

కాసేపటికి ఆగస్తిన దువ్వెన కోసం సంచీలో చెయ్యి పెట్టింది.

ఆ కేకకి రాళ్ళమీది కొంగలు లేచిపోయాయి. సంచీ ఒక పక్క, దువ్వెనొక పక్క, ఆగస్తిన నీళ్ళలో చతికిలబడి ఒక పక్క. గుల్లలేరే ఆడవాళ్ళు ఒకళ్ళనొకళ్ళు పట్టుకుని నవ్వుతున్నారు. అందరికన్నా గట్టిగా దెలీల నవ్వుతోంది.

"నువ్వే పెట్టావు!" అని లేచింది ఆగస్తిన.

"నేనా? అయ్యో, అది తిరిగి తిరిగి సొంతవాళ్ళ దగ్గరికొచ్చిందేమోలే వదినా."

మెల్కి ఆకాశంలో మబ్బుల్ని చాలా శ్రద్ధగా చూస్తున్నాడు. యోసినకి నాన్న చెవి పట్టుకుని మెలిపెట్టాలనిపించింది. నిజం చెబితే అమ్మానాన్నలకి గొడవ, చెప్పకపోతే అమ్మకీ అత్తకీ గొడవ. పరుగెత్తుకెళ్ళి మధ్యలో నిలబడి, "అమ్మా పద, చెలమ చూద్దాం, చల్లటి మంచినీళ్ళంట" అని చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళింది. ఆగస్తిన తోక తొక్కిన పిల్లిలా బుస్సుమంటూనే నడిచింది.

చెలమ పక్కన సముద్రం వైపు ఒక రాళ్ళ కుప్ప ఉంది, నాచు పట్టి. దాని మీద ఎవరో పూలు పెట్టారు.

"ఇదేంటి?" అంది ఆగస్తిన.

మాట మారుతోందన్న సంబరంలో ఎలిఫస్ గబగబా చెప్పేశాడు. "మా ముత్తాతలనాడు ఇక్కడ పెద్ద పడవ బద్దలైందంట అత్తా. మునిగిపోతున్నవాళ్ళని ఎవరో వేరే ఊరివాళ్ళొచ్చి కాపాడి, వెళ్ళిపోయారంట. వాళ్ళ గుర్తుకి పెట్టిన రాళ్ళు."

"ఏ ఊరివాళ్ళు?"

"అదే ఎవరికీ గుర్తులేదు."

ఆగస్తిన ఇంకేం అడగలేదు. మెల్కి ఊరుకోలేక "ఏంటే, దోసకాయ నాలుక కరిచిందా" అన్నా పలకలేదు. అమ్మ తిడుతుంటే యోసినకి భయం లేదు. పుట్టిందగ్గర్నుంచీ వింటోంది. అమ్మ ఆలోచిస్తుంటే మాత్రం చాలా భయం.

దీవిలో ఒక పూటైనా పడుకునేవాళ్ళు ఊరి రాజుగారికి కనపడాలి. రాజంటే కిరీటమేం లేదు, రేకుల వసారా, ప్లాస్టిక్ కుర్చీలు, బనీను మీద వేసుకున్న చొక్కా. సాయంత్రం అక్కడికి వెళ్ళేసరికి సగం ఊరు చేరి ఉంది, దోసకాయ కథ అప్పటికే అందరికీ చేరింది కాబట్టి. మూల కుర్చీలో ఒబేత్ తాత. ఊళ్ళో అందరికన్నా ముసలాయన. సగం వినపడదు, మిగతా సగం నిద్ర.

ఆగస్తిన లేచి, వంగి దణ్ణం పెట్టి, తేనె కారే గొంతుతో మొదలెట్టింది.

"రాజుగారూ, ఒడ్డున ఆ రాళ్ళు చూశాం. మీ పెద్దల్ని కాపాడినవాళ్ళ పేరు మీకు గుర్తులేదంటగా?"

"లేదమ్మా. మా సిగ్గు అది."

"సిగ్గెందుకు? నేనున్నాగా. వాళ్ళు మా అమాహుతు వాళ్ళు. మా అమ్మమ్మ చెప్పేది. నూసలేలె వాళ్ళనెత్తి ఒడ్డునేశారంట. రెండూళ్ళ పెద్దలూ వేలు కోసుకుని, ఆ నెత్తురు కలిపి ఒకే చిప్పలో సోపి సారా తాగి, నేటినుంచి మనది ఒకే కడుపు అన్నారంట. మనం పెలా, రాజుగారూ. పెలావాళ్ళం!"

వసారా అంతా గుప్పుమంది. పెలా అంటే మాటలా! రెండూళ్ళూ తోడబుట్టినవే అయిపోతాయి. అడిగింది కాదనకూడదు. ఇల్లు కడుతుంటే చెయ్యెయ్యాలి. ఇటు పిల్ల అటు పిల్లాడు అన్నాచెల్లెళ్ళు, పెళ్ళి మాటెత్తితేనే పాపం.

"ఏమంటావు తాతా, ఎప్పుడన్నా విన్నావా?" అని రాజుగారు ఒబేత్ తాత చెవిలో అరిచాడు.

తాత కళ్ళు తెరిచాడు. ఇంతమంది తనవంక చూసి చాలా ఏళ్ళయింది. "వినకేం! మా తాత చెప్పేవాడు. అమాహుతు. అమాహుతే. ఎర్ర పడవ" అన్నాడు.

ఆగస్తిన ఉలిక్కిపడింది. ఎర్ర పడవ సంగతి ఆమె చెప్పలేదు మరి.

ఆడవాళ్ళు కళ్ళనీళ్ళు పెట్టుకుని వాటేసుకుంటున్నారు. ఆ సందట్లో యోసిన ఎలిఫస్ వైపు చూసింది. వాడి భుజం అప్పటిదాకా ఆమె భుజానికి తగుల్తూ ఉంది. మెల్లిగా పక్కకి జరిగాడు. ఒక జానెడే. కానీ జరిగాడు.

ఇంటికి వస్తుంటే ఆగస్తిన కూతురి చెవిలో, "చూశావా, ఒక్క తిట్టు తిట్టానా? గొడవ వద్దన్నావు, పడలేదు" అంది.

"నిజమా అమ్మా అది?"

"ముసలాయన చెప్పాడుగా."

"ఆయన కాదు, నువ్వు చెప్పు."

"రేపట్నుంచి ఆ పిల్లాణ్ణి అన్నయ్యా అని పిలువు" అని గబగబా ముందుకెళ్ళిపోయింది.

తెల్లారి లేచేసరికి దెలీల గుమ్మంలో నిలబడి ఉంది. వదిన అన్న పిలుపు రాత్రికి రాత్రే మాయమైంది.

"అక్కా, బాగా నిద్రపట్టిందా?"

"నేనెక్కడి అక్కని? నీకే తల నెరిసింది."

"సరే చెల్లీ, నీ ఇష్టం. ఆ చెవులవి చాలా బాగున్నాయి. ఇటివ్వు."

ఆగస్తిన చెయ్యి చెవులకి పోయింది. బంగారపువి, లవంగ మొగ్గల్లా చేయించుకున్నవి. గుమ్మం బయట ఊరివాళ్ళు చూస్తున్నారు. పెలా అడిగితే కాదంటే పరువు ఉండదు, ఆ పెలా తెచ్చింది తనేనాయె. మెలి తిప్పి తీసి దెలీల చేతిలో పెట్టింది, గోళ్ళు కూడా గుచ్చుతూ.

"తీసుకో అక్కా. ఊరికే ఉంటానా, నీ పెద్ద వల నాకివ్వు."

"తీసుకో చెల్లీ. అక్కడే ఉంది, మోసుకెళ్ళు. ఆ చెప్పులు?"

"ఇదిగో. నీ ఇత్తడి బాండీ?"

"నీదే. గొడుగు?"

"ఇదుగో, విచ్చుకునేటప్పుడు నీ కన్ను పొడుచుకోకు. నీ కోళ్ళు?"

"పట్టుకోగలిగితే పట్టుకో."

వీళ్ళిద్దర్నీ చూసి ఊరు హుషారెక్కింది. పెలా అంటే దెలీల ఒక్కదానికే కాదుగా. ఒకాయనొచ్చి మెల్కి టోపీ అడిగాడు. ఇంకొకాయన గడియారం. మరొకాయన చొక్కా బాగుందన్నాడు. మెల్కి విప్పి ఇచ్చేసి, నాలుగో ఆయన కళ్ళు ఎటు చూస్తున్నాయో గమనించి రెండు చేతుల్తో నడుం పట్టుకున్నాడు. "అన్నల్లారా, లాగు మాత్రం వదిలెయ్యండి. ఇది నాదే అయినా చూసే బాధ పడవలో వాళ్ళది."

నిన్నటి నవ్వులకీ ఇవాళ్టి నవ్వులకీ చాలా తేడా ఉంది. ఇవాళ వీళ్ళని గిల్లుతున్నారు ప్రేమగా. ఇంతలో రాజుగారే వచ్చాడు. "తమ్ముడూ, మా చర్చి కప్పు పాడైంది. వచ్చే నెల మీ ఊరి మగవాళ్ళందర్నీ పంపు. కలప మీదే. పెలా ఉండగా మాకేం భయం!"

మెల్కి నవ్వు అక్కడికక్కడే ఎండిపోయింది. "ఆగస్తినా, మనూళ్ళో ఈ సంగతి ఎవరు చెబుతారే? మనల్ని కొబ్బరిచెట్టుకి కట్టేసి, కింద మంట పెడతారు."

"నువ్వు నోరు ముయ్యి" అంది ఆగస్తిన. గొంతులో నిన్నటి పదును లేదు.

వంటింట్లో దెలీల యోసిన చేతికి గరిటె ఇస్తూ, మొహం చూడకుండా అడిగింది. "మీ అమ్మ ఎంతదూరం లాగుతుంది దీన్ని?"

"చాలా దూరం లాగుతుందత్తా."

"అయితే నేనూ చాలా దూరమే పోవాలి. ఆ చెవులవి నాకెందుకు, నా చెవులకి రంధ్రాలే పూడిపోయాయి. అడిగి అడిగి వాంతి చేయించాలి దానితో నిజం." గరిటె గట్టిగా లాక్కుంది మళ్ళీ. "నీ మీద ప్రేమతో కాదు, ఎగరకు. రాత్రి నుంచీ నా కొడుకు మెతుకు ముట్టలేదు."

ఆ కొడుకు ఒడ్డున బోర్లించిన పడవ మీద కూర్చుని ఉన్నాడు. యోసిన వెళ్ళి పక్కన కూర్చోబోతే లేచి నిలబడ్డాడు.

"ఏంటి, కూర్చుంటే అంటుకుంటుందా?"

"అది కాదు. ఎవరన్నా చూస్తే..."

"అబద్ధమది, ఎలిఫస్. మా అమ్మ సంగతి నీకు తెలీదా?"

"ఒబేత్ తాత కూడా చెప్పాడుగా."

"ఒబేత్ తాత నిన్న నన్ను చూసి, 'ఓ పిన్నీ, నువ్వు చచ్చిపోయావనుకున్నానే' అన్నాడు! నువ్వు నోరు తెరిచి ఒక్క మాటనలేవా? ఇద్దరం అంబోన్ వెళ్ళిపోలేమా?"

వాడు ఇసుకలో కాలితో గీతలు గీస్తున్నాడు. "నిజంగా పెలా అయితే? ఎక్కడికని పోతాం? పైనుంచి చూసే ఆకాశం లేని చోటుందా? అన్నీ వదులుకుంటా యోసినా, కానీ పెద్దల పెలాని కాదు. భయం నాకు."

"నా మీద లేదూ భయం?" అని లేచొచ్చేసింది. కళ్ళనీళ్ళు రాలేదు. ఒళ్ళు మండిపోయింది, అంతే.

మధ్యాహ్నం పడవెక్కే ముందు రాజుగారు అందర్నీ పిలిపించాడు. ఇన్నేళ్ళు చల్లారిపోయిన పెలాని మళ్ళీ వేడి చెయ్యాలి కదా. వసారాలో బల్ల మీద కొబ్బరిచిప్ప, దాన్నిండా సోపి, పక్కన చాకు. ఆ ఊరి తరపున దెలీల, ఈ ఊరి తరపున ఆగస్తిన.

దెలీల చాకు తీసుకుని, చటుక్కున వేలు కోసుకుని, ఒక చుక్క చిప్పలో రాల్చింది. ఆగస్తిన తన వేలు తను కోసుకోలేకపోతే మెల్కి చేత కోయించారు. రెండో చుక్కా పడింది.

రాజుగారు లేచాడు. ఇప్పుడు ఆ గొంతులో టోపీలూ గొడుగులూ లేవు. "పెద్దల మాట ఇది. నిజమైతే ఈ చిప్ప కడుపు చల్లగా ఉంచుతుంది. అబద్ధమైతే తాగినవాళ్ళనేం చెయ్యదు. వాళ్ళ కడుపున పుట్టినదాన్ని తింటుంది. తాగమ్మా."

ఆగస్తిన చిప్ప ఎత్తింది.

"నాకు నలుగురు పిల్లలు, చెల్లీ" అంది దెలీల. "నీకు ఒక్కతే. చూసుకుని మరీ తాగు."

ఆగస్తిన కళ్ళు చిప్ప అంచు మీంచి కూతుర్ని వెతుక్కున్నాయి. యోసిన ముందుకొచ్చింది. 

"తాగమ్మా. నిజమేగా? నాకేమవుద్ది? తాగు!"

చిప్ప పెదాల దాకా వెళ్ళింది. అక్కడే ఆగింది. సోపి ఒలికి గడ్డం మీంచి కారింది కానీ ఒక్క బొట్టు లోపలికి పోలేదు. ధన్‌మని బల్ల మీద పెట్టేసింది.

"అబద్ధం" అంది. "అంతా నేనే అల్లాను. మా అమ్మమ్మకి పడవెక్కితే వాంతులు. ఆవిడ జన్మలో ఏ పడవ కథా చెప్పలేదు."

అప్పుడు చూడాలి ఆ వసారా! కుర్చీలు పడ్డాయి. "మా ముత్తాతల మీద అబద్ధమా!" అని ఒకడు, "తోసెయ్యండి సముద్రంలోకి" అని ఇంకొకడు. నిన్న వాటేసుకున్న ఆడవాళ్ళే చీపుర్లు వెతుకుతున్నారు. ఒబేత్ తాత మాత్రం కర్ర నేలకేసి కొడుతూ, "అబద్ధం కాదు! ఎర్ర పడవ! మా తాత చెప్పాడు!" అని ఒకటే గోల.

రాజుగారు చెయ్యెత్తాడు. "నిన్న ఔనంది. ఇవాళ కాదంటోంది. ఒకే నోరు. నేను దేన్ని నమ్మాలి? తాత ఇంకా ఔననే అంటున్నాడు. అనుమానం ఉండగా ఈ రెండూళ్ళ మధ్య పెళ్ళికి నేను ఒప్పుకోను. పోండి."

యోసిన పెళ్ళి అబద్ధం చెప్పినా పోయింది, నిజం చెప్పినా పోయింది. అమ్మ నోరు తెరుస్తోంది, మూస్తోంది, ఒడ్డున పడ్డ చేపలాగా.

దెలీల లేచింది. "రాజుగారూ, ఒక్క సంగతి. పెలావాళ్ళ మీద చెయ్యెత్తితే ఆ చెయ్యి పొద్దుగూకే లోపల వాచిపోద్దంటారు కదా?"

"అవును. మా చిన్నప్పుడు వేరే ఊళ్ళో కళ్ళారా చూశాం."

"అనుమానం తీరుద్దాం మరి" అని, ఆగస్తిన చెంప ఛెళ్ళుమనిపించింది.

ఆ చప్పుడుకి తాత కూడా ఊరుకున్నాడు. ఆగస్తిన రేవులో మింగిన తిట్లన్నీ, విప్పి ఇచ్చిన చెవులవీ, సంచీలో దోసకాయా, అన్నీ కలిపి ఒక్కటిచ్చింది దెలీలకి. ఇంక ఇద్దరూ జుట్లు పట్టుకున్నారు. బల్ల తిరగబడింది, సోపి పారింది. "ముళ్ళచేపా!" అంటే "కుళ్ళుచేపా!" అని. మెల్కి విడదీయబోతే ఇద్దరూ కలిసి ఆయన్నే తన్నారు. ఎవరూ దగ్గరికి రాలేదు. అందరూ చేతులే చూస్తున్నారు.

చివరికి రాజుగారు బల్ల సరిగ్గా నిలబెట్టించి, ఇద్దర్నీ ఎదురెదురుగా కూర్చోబెట్టి, కొట్టిన చేతులు బల్ల మీద చాపమన్నాడు. "పొద్దుగూకేదాకా ఎవరూ కదలకండి."

కూర్చున్నారు. జుట్టు విరబోసుకుని, రొప్పుతూ, అరచేతులు పైకి పెట్టుకుని. ఊరంతా చుట్టూ నిలబడి తొంగిచూస్తోంది.

"నీ బొటనవేలు లావైంది" అంది దెలీల.

"పుట్టుకతోనే లావు. నీ చెంప గట్టిదే, చెయ్యి నొప్పెడుతోంది."

"నొప్పంటే వాపు కాదు, రాజుగారూ, రాసుకోండి."

"ఎర్రగా ఉంది, ఎర్రగా ఉంది!" అన్నాడు ఒబేత్ తాత ఆశగా.

రాజుగారు వంగి వేలితో నొక్కి చూశాడు. "కొవ్వు తాతా. వాపు కాదు."

ఎలిఫస్ మెల్లిగా జనాన్ని తప్పించుకుని యోసిన పక్కకి వచ్చాడు. నిన్న జరిగిన జానెడు మళ్ళీ ఇవతలికి జరిగాడు. "వాచలేదు యోసినా. చూశావా, వాచలేదు" అని నవ్వబోయాడు.

యోసిన వాడి మొహంలోకి చూసింది. ఒక్క ముసలాయన ఎర్ర పడవ అన్నాడని ఒక్క పూటలో తనని చెల్లెల్ని చేసి లేచి నిలబడ్డవాడు. చెయ్యి దానంతట అదే లేచింది. తల్లులిద్దరి దెబ్బల్లోనూ అంత చప్పుడు రాలేదు.

"ఇదెందుకే?" అన్నాడు వాడు బుగ్గ పట్టుకుని.

"నాకూ అనుమానం ఉంది" అంది. బల్ల దగ్గరికెళ్ళి, రెండు చేతుల పక్కన తన చెయ్యి కూడా చాపి కూర్చుంది.

అమ్మ ఆమె వంక చూసింది. దెలీల కూడా చూసింది. ఇద్దరిలో ఎవరో ముక్కుతో చిన్నగా నవ్వారు, ఎవరో తెలీలేదు.

సూర్యుడు లవంగ చెట్ల మీదికి వాలాడు. పగడపు గట్టు అవతల ఎర్రగా ఆగి, మునిగాడు. రాజుగారు మూడు చేతులూ తిప్పి తిప్పి చూసి, "ఏం లేదు. మీరు ఒకళ్ళకొకళ్ళు ఏమీ కారు. ఆ దేవుడి దయవల్ల ఏమీ కారు" అన్నాడు. జనం నవ్వుతూ, తిట్టుకుంటూ చెదిరారు. చీకట్లో పడవ కదలదు కాబట్టి ఈ పూట కూడా తన ఇంట్లోనే దానికి తిండి పెట్టాలా అని దెలీల గొణుక్కుంటూ లేచింది. దాని తిండి తినేకంటే పస్తుంటానని ఆగస్తిన ఆమె వెనకే వంటింటి వైపు నడిచింది.

ఎలిఫస్ బల్ల అవతల కూర్చుని, "యోసినా, పొద్దుగూకిందిగా" అన్నాడు మెల్లిగా. "వచ్చే నెల వస్తాం అడగడానికి."

"రండి."

"మరి చెయ్యి తియ్యవేం?"

చెయ్యి బాగానే ఉంది. ఎర్రగా కూడా లేదు. కానీ వాచుతుందేమోనని వాణ్ణింకా కొంచెంసేపు చూడనిద్దామని యోసిన దాన్ని అలాగే బల్ల మీద ఉంచింది.